ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అయిదో రోజుకి నాన్నకి ఊపిరి అందలేదు

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు 42. వాళ్ళ నాన్నగారికి 71. మూడేళ్ళ కిందట ఆయన గుండెకి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు. ఉత్తరం రాసే నాటికి తొమ్మిది రోజుల కిందట ఆయన మెట్లు దిగుతూ కాలు జారి పడ్డారు. ఎడమ పక్క మెట్టు అంచుకి బలంగా తగిలింది. ఈవిడే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నిలబడలేకపోతుంటే పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. ఎముకలేమీ విరగలేదు, కండ దెబ్బే అని చెప్పి నొప్పి మాత్రలు రాసి పంపేశారు.

ఇంట్లో వాళ్ళమ్మగారు వెడల్పాటి గుడ్డతో ఛాతీని బిగించి కట్టారు. నాన్నగారు రెండో రోజుకే మాత్రలు మానేశారు, అలవాటైపోతాయని భయంతో. మూడో రోజు ఆయన మంచం దిగనంటే "ఎక్స్‌రే బాగానే ఉంది కదా నాన్నా, ఊరికే భయపడకు, లే" అని ఈవిడ కాస్త విసుక్కున్నారు. ఆ మాట ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. అయిదో రోజు తెల్లవారుజామున ఆయనకి ఊపిరి అందలేదు. వేరే ఆస్పత్రిలో సీటీ స్కాన్ చేస్తే ఎడమ పక్క 5 నుంచి 9 వరకు అయిదు పక్కటెముకలు విరిగి ఉన్నాయి, ఊపిరితిత్తి చుట్టూ రక్తం చేరి ఉంది. ఛాతీలోకి ట్యూబ్ వేస్తే దాని కొసన ఉన్న సీసాలోకి మొదట 900 మిల్లీలీటర్ల రక్తం వచ్చింది. నాలుగో రోజుకి సీసాలోకి దిగేది బాగా తగ్గింది కానీ, మళ్ళీ స్కాన్ చేస్తే లోపల ఇంకా గడ్డకట్టిన రక్తం ఉందని తేలింది. చిన్న రంధ్రాలతో ఆపరేషన్ చేసి తీసేద్దాం అంటున్నారు డాక్టర్లు. అన్నయ్య వద్దంటున్నారు. "900 వచ్చినప్పుడు అక్కర్లేని ఆపరేషన్ ఇప్పుడెందుకు?" అన్నది ఆయన వాదన. పైగా "నువ్వు మొదటిరోజే సీటీ తీయించి ఉంటే ఇంతదాకా వచ్చేదా?" అని చెల్లెల్ని అందరి ముందూ అన్నారు. ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా, ఇంటికి వచ్చాక నాన్నని ఎలా చూసుకోవాలి, తప్పు నాదేనా: ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, ఈ జవాబు ముందు మీకు పంపి, తర్వాతే పాఠకులకి ఇస్తున్నాను. ఆపరేషన్ విషయంలో మీకున్న వ్యవధి రోజుల్లోనే ఉంది కాబట్టి.

మీరు చివర్లో అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అది మనసులో గుచ్చుకుంటూ ఉన్నంతసేపూ మిగతా విషయాలు మీ చెవికి ఎక్కవు. మొదటిరోజే సీటీ తీసి ఉంటే ఏమయ్యేది? విరిగిన ఎముకలు కనపడేవి. అయిదు ఎముకలు, ఆ వయసు, ఆ మాత్ర, మూడూ కలిపి చూసి ఆయన్ని బహుశా రెండు మూడు రోజులు ఆస్పత్రిలోనే ఉంచేవాళ్ళు. నొప్పికి గట్టిగా మందు ఇచ్చేవాళ్ళు. ఈ తేడా వచ్చేదన్నది నిజం, దాన్ని దాచను. కానీ రక్తం సంగతి వేరు. మొదటిరోజు సీటీలో అది కనపడి ఉండేదని ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ రోజుకి అది అక్కడ ఉండి ఉండకపోవచ్చు.

పక్కటెముక విరిగాక రక్తస్రావం గంటల తర్వాత, రోజుల తర్వాత, అరుదుగా రెండు వారాలకి కూడా మొదలవుతుంది. మనిషి నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటాడనుకోండి, రోజుకి 20 వేల సార్లు దాటుతుంది. అన్నిసార్లూ ఆ విరిగిన కొస కదులుతుంది. ప్రతి పక్కటెముక కింది అంచు వెంట ఒక ధమని, ఒక సిర, ఒక నరం పక్కపక్కన నడుస్తాయి. మొదట చిన్నగా చిట్లి, గడ్డకట్టి ఆగిన చోట ఒక దగ్గుకో, ఒక్కసారి పక్కకి తిరగడానికో ఆ గడ్డ ఊడిపోతుంది. క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళలో మళ్ళీ గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. మీ నాన్నగారికి జరిగింది ఇదే అయి ఉంటుందని నా అంచనా.

ఇక ఎక్స్‌రే. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకల విరుగుళ్ళు సగం దాకా కనపడకుండా పోతాయి. ఎముక గుండ్రంగా వంగి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడి కనపడతాయి, రొమ్ము ఎముక దగ్గరి మెత్తటి భాగమైతే అసలు ఎక్స్‌రేలో పడదు. ఛాతీలో రక్తం ఉన్నా నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో అది తెలియాలంటే సుమారు 200 నుంచి 300 మిల్లీలీటర్లు ఉండాలి. పడుకోబెట్టి తీస్తే అది వీపు వైపు పలచగా పరుచుకుంటుంది, ఇంకా ఎక్కువ ఉన్నా కంటికి చిక్కదు. "ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు" అన్న మాట ఇంటికి వచ్చేసరికి "ఏమీ లేదు" అయిపోతుంది. ఈ రెండు మాటల మధ్య దూరాన్ని మీకు వివరించాల్సిన బాధ్యత ఆ రోజు చూసిన డాక్టర్‌ది. మీరు విన్నదాన్ని నమ్మారు. నమ్మి నాన్నకి ధైర్యం చెప్పారు. విసుక్కున్నందుకు బాధపడండి, ఆయన దగ్గర కూర్చుని ఆ మాట ఆయనతోనే చెప్పండి. కానీ ఆ విసుగు వల్ల ఊపిరితిత్తి చుట్టూ రక్తం చేరలేదు.

నేను ఎమర్జెన్సీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్దాయన్ని ఇలాగే పంపించాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, ఆయన నడుచుకుంటూ వెళ్ళాడు. నాలుగో రోజు న్యుమోనియాతో తెచ్చారు. చాలాకాలం ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఛాతీకి దెబ్బ తగిలి వచ్చినవాళ్ళని ఫిల్మ్ చూడక ముందే చేత్తో ఒక్కొక్క ఎముక మీదా నొక్కి చూస్తాను, దీర్ఘంగా ఊపిరి పీల్చమంటాను, గట్టిగా దగ్గమంటాను. దగ్గలేని మనిషి ఇంటికి వెళ్ళడానికి సిద్ధంగా లేడు, ఎక్స్‌రే ఎంత బాగున్నా సరే. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని తప్పకుండా అడుగుతాను. మిమ్మల్ని ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని రాశారు. జరిగిన లోపం నాకు అక్కడ కనపడుతోంది. ఆ ఆస్పత్రికి మీరు జరిగింది జరిగినట్టు రాసి పంపవచ్చు. నాన్నగారు కోలుకున్నాక, కోపం చల్లారాక రాస్తే మీ మాట అవతలివాళ్ళకి స్పష్టంగా అందుతుంది. రాయకపోయినా ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

ఇప్పుడు అన్నయ్య వాదనకి వద్దాం. ఆయన అడిగింది మంచి ప్రశ్న. దాన్ని మొండితనంగా తీసుకోకండి.

ఛాతీలో రక్తం చేరినప్పుడు డాక్టర్ల ముందు రెండు వేర్వేరు పనులు ఉంటాయి. మొదటిది రక్తం ఇంకా కారుతోందా, దాన్ని ఆపాలా అన్నది. ట్యూబ్ వేయగానే 1500 మిల్లీలీటర్ల దాకా వచ్చినా, ఆ తర్వాత గంటకి 200 చొప్పున రెండు నుంచి నాలుగు గంటలపాటు వస్తూనే ఉన్నా, సాధారణంగా ఛాతీ తెరవడం గురించి ఆలోచిస్తారు. ఆ అంకెలతో పాటు మనిషి బీపీ, నాడి ఎలా ఉన్నాయన్నది కూడా చూస్తారు. మీ నాన్నగారికి 900 వచ్చి, తర్వాత తగ్గుతూ వచ్చింది. అంటే రక్తస్రావం దానంతటదే ఆగింది. ఛాతీ గాయాల్లో ఎక్కువ భాగం ఇలా ఒక ట్యూబ్‌తో, నొప్పి మందుతో, ఆక్సిజన్‌తోనే గట్టెక్కుతాయి. కాబట్టి అప్పుడు ఛాతీ తెరవకపోవడం సరైన పనే.

ఇప్పుడు అడుగుతున్నది రెండో పని. కారడం ఆగినా లోపల మిగిలిన రక్తం గడ్డకట్టింది. గడ్డ ట్యూబ్‌లోంచి రాదు. సీసాలోకి తక్కువ దిగుతోందంటే లోపల తగ్గిందని మీరు అనుకున్నారు. ద్రవం అయిపోయి గడ్డ మిగిలినా సీసాలోకి తక్కువే దిగుతుంది. అందుకే వాళ్ళు మళ్ళీ స్కాన్ చేశారు. సుమారు 400 మిల్లీలీటర్లు ఉండవచ్చని చెప్పారని రాశారు. అది తక్కువేమీ కాదు.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఆగి చూడటం. చిన్న గడ్డల్ని శరీరం వారాల్లో తనంతట తానే కరిగించుకుంటుంది, అలా ఏ ఆపరేషనూ లేకుండా బాగైనవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ గడ్డ పెద్దదైతే దాంట్లో సూక్ష్మజీవులు చేరి చీము పట్టే ప్రమాదం ఉంది. చీము పట్టకపోయినా అది గట్టి పొరలా మారి ఊపిరితిత్తిని చుట్టేసి, విచ్చుకోనివ్వకుండా చేయవచ్చు. అప్పుడు ఆ పొరని ఒలిచే ఆపరేషన్ కావాలి. అది ఇప్పుడు చెప్తున్నదాని కన్నా చాలా పెద్దది. అన్నయ్య తప్పించాలనుకుంటున్న పెద్ద ఆపరేషన్ అదే. ఆయన మాటే నిలబడి ఆగి చూస్తే అది దూరం కాకుండా దగ్గర కావచ్చని ఆయనకి ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి.

రెండోది ట్యూబ్‌లోంచి గడ్డ కరిగించే మందు లోపలికి పంపడం. కొందరిలో బాగా పనిచేస్తుంది, మత్తు అక్కర్లేదు. అయితే విరిగిన ఎముకలు ఇంకా పచ్చిగా ఉన్న మనిషికి, క్లోపిడోగ్రెల్ ప్రభావం ఒంట్లో ఉన్న మనిషికి రక్తం మళ్ళీ మొదలయ్యే భయం ఉంటుంది. మత్తు తట్టుకోలేనివాళ్ళకి దీన్ని ఆలోచిస్తారు. మీ డాక్టర్లు దీని మాట ఎత్తలేదంటే కారణం ఇదే కావచ్చు. అడిగి తెలుసుకోండి.

మూడోది వాళ్ళు చెప్తున్నదే. రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ గడ్డని తీసేయడం, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకునేలా చేయడం. పూర్తి మత్తు కావాలి, ఆ కాసేపు ఒక్క ఊపిరితిత్తితోనే శ్వాస నడిపించాల్సి రావచ్చు. 71 ఏళ్ళకి, స్టెంట్ ఉన్న గుండెకి అది చిన్న విషయం కాదు. ఇది ఎంత తొందరగా చేస్తే అంత సులువు. మొదటి మూడు నుంచి ఏడు రోజుల్లో గడ్డ మెత్తగా ఉంటుంది, పీల్చి తీసేయవచ్చు. వారం, పది రోజులు దాటేకొద్దీ అది చుట్టూ అతుక్కుంటుంది. అప్పుడు రంధ్రాలతో మొదలుపెట్టి, సాధ్యం కాక పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు. డాక్టర్లు తొందరపెడుతున్నట్టు మీకు అనిపించడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

మీరు నన్ను ఏది మంచిదని అడిగితే, ఆయన్ని పరీక్షించని నేను తీర్పు చెప్పలేను. కానీ మీరు రాసిన లెక్కల ప్రకారం వాళ్ళ సలహా నాకు సబబుగానే ఉంది. ఒప్పుకునే ముందు సర్జన్‌ని, మత్తు డాక్టర్‌ని, గుండె డాక్టర్‌ని ఒకే చోట, ఒకే సమయంలో మాట్లాడమని అడగండి. క్లోపిడోగ్రెల్ ప్రభావం ఆపాక కూడా అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. దాన్ని ఎప్పుడు ఆపారు, అసలు ఆపారా, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు అన్న మూడు ప్రశ్నలకీ స్పష్టమైన జవాబు తీసుకోండి. స్టెంట్ వేసి మూడేళ్ళయింది కాబట్టి కొద్దిరోజులు ఆపడానికి గుండె డాక్టర్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కానీ ఆ మాట ఆయనే చెప్పాలి. ఇంట్లో ఎవరూ సొంతంగా ఆపడం, మొదలుపెట్టడం చేయకూడదు.

అన్నయ్య ఎక్కడో చదివి "ఎముకలకి ప్లేట్లు వేయించాలి కదా" అన్నారని కూడా రాశారు. అంటే విరిగిన కొసల్ని లోహపు పట్టీలతో కలిపి బిగించడం. వరసగా మూడో అంతకన్నా ఎక్కువో ఎముకలు ఒక్కొక్కటీ రెండేసి చోట్ల విరిగితే ఛాతీలో ఆ ముక్క విడిగా కదులుతుంది. మనిషి గాలి పీలిస్తే అది లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. అలాంటివాళ్ళకి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి ప్లేట్లు మేలు చేస్తాయి. వేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వేయడం మంచిది. మీ నాన్నగారి ఎముకలు ఒక్కో చోటే విరిగాయని రిపోర్టులో ఉందన్నారు. ఒకవేళ గడ్డ తీయడానికి ఎలాగూ మత్తిస్తున్నారు కాబట్టి కొసలు బాగా పక్కకి జరిగి ఉంటే అప్పుడే ఆలోచిస్తారా అని సర్జన్‌ని అడగవచ్చు. అంతకు మించి దీని మీద పట్టుబట్టాల్సిన అవసరం నాకు కనపడలేదు.

నా ఉద్దేశంలో మీ ఇంటివాళ్ళందరూ తక్కువగా చూస్తున్నది నొప్పిని. నాన్నగారు మాత్రలు మానేస్తే ఓర్పు అన్నారు. అమ్మగారు గుడ్డ కడితే ఆసరా అన్నారు. పక్కటెముకలు విరిగినవాళ్ళలో నొప్పే ప్రమాదం. నొప్పి భయంతో మనిషి పైపైన ఊపిరి తీసుకుంటాడు, దగ్గడు. ఊపిరితిత్తి అడుగు భాగం ముడుచుకుపోతుంది, తెమడ అక్కడే నిలిచిపోతుంది, నెమ్ము చేసి న్యుమోనియా అవుతుంది. ఎముక దగ్గర ఊపిరితిత్తి కమిలి ఉంటే ఆ కమిలిన చోట మొదటి ఒకటి రెండు రోజుల్లో వాపు పెరిగి పరిస్థితి ఇంకా బిగుస్తుంది. 65 దాటినవాళ్ళలో పక్కటెముకల విరుగుళ్ళ మీద 2000లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనం, విరిగిన ఒక్కో ఎముక పెరిగేకొద్దీ మరణ ప్రమాదం 19 శాతం, న్యుమోనియా ప్రమాదం 27 శాతం చొప్పున పెరిగాయని లెక్కగట్టింది. మీ నాన్నగారివి అయిదు. ఈ అంకెలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆయన వద్దని తోసేస్తున్న ఆ మాత్ర ఎంత పని చేస్తుందో తెలియాలని చెప్తున్నాను.

గుడ్డ కట్టడం ఒకప్పుడు డాక్టర్లే చేసేవాళ్ళు. ఛాతీ కదలకపోతే నొప్పి తగ్గుతుందన్నది నిజమే, కానీ ఊపిరి కూడా తగ్గుతుంది. అందుకే ఆ పద్ధతి వదిలేశారు. అమ్మగారికి ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ వల్ల ఇలా అయిందన్న ధ్వని రానివ్వకండి. ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. మెత్తటి దిండు ఒకటి నాన్నగారి పక్కనే ఉంచమనండి. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని దెబ్బ తగిలిన వైపు గట్టిగా హత్తుకుని దగ్గాలి. ఆవిడ చేతి ఆసరా కూడా అప్పుడు కావాలి, దగ్గే ఆ ఒక్క క్షణం మాత్రమే.

అలవాటైపోతాయన్న భయం ఆయనలో ఊరికే పుట్టలేదు. మార్ఫిన్ లాంటి మందులకి ఆ గుణం ఉంది, పెద్దవాళ్ళకి మగత, మలబద్ధకం కూడా తెస్తాయి. అవి కొద్దిరోజులు, తగ్గించుకుంటూ వాడితే అలవాటు ప్రమాదం తక్కువ. వాటిని ఇంకా తగ్గించుకునే దారులూ ఉన్నాయి. పారాసెటమాల్ నొప్పి వచ్చినప్పుడు కాకుండా వేళ ప్రకారం ఇవ్వడం ఒకటి. ఛాతీ గోడకి వెళ్ళే నరాల దగ్గర మత్తుమందు వేయడం ఇంకొకటి. సన్నటి గొట్టం పెట్టి రెండు మూడు రోజులు దాన్ని కొనసాగించవచ్చు. వెన్నులో వేసే ఎపిడ్యూరల్ కూడా బాగా పనిచేస్తుంది కానీ క్లోపిడోగ్రెల్ ఒంట్లో ఉన్నప్పుడు అక్కడ సూది గుచ్చితే వెన్నుపాము దగ్గర రక్తం చేరే ప్రమాదం ఉంటుంది. అందుకని మత్తు డాక్టర్ ఛాతీ పక్కన పైపైన నరాలకి ఇచ్చే మత్తు (బ్లాక్) వైపు మొగ్గవచ్చు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ వయసులో కిడ్నీకి, కడుపుకి, గుండెకి మంచివి కావు, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం భయం ఇంకా పెరుగుతుంది. వాటిని అడగకుండా ఇవ్వకండి.

నొప్పి పదికి ఎంత అని ఆయన్ని అడిగితే ఇలాంటి మనుషులు "పర్లేదు" అంటారు. అలా అడగకండి. "నాన్నా, ఒకసారి గట్టిగా దగ్గండి" అనండి. దగ్గగలిగితే మందు సరిపోతోంది. లేకపోతే చాలడం లేదు, నర్సుని పిలవండి. దీర్ఘంగా ఊపిరి పీల్చడం సాధన చేయడానికి బంతులున్న స్పైరోమీటర్ ఇచ్చారు కదా, మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పది సార్లు పీల్చాలి. నిన్న ఎన్ని బంతులు లేచాయి, ఇవాళ ఎన్ని అని రాసిపెట్టుకోండి. అంకె పడిపోతుంటే డాక్టర్‌కి చూపించండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్య ఏమన్నారో, డాక్టర్ ఏమన్నారో, అమ్మగారు, వదిన ఏమన్నారో ఉంది. నాన్నగారు ఏమంటున్నారో ఒక్క వాక్యం లేదు. ఆయన తెలివిలో ఉన్నారు, పేపర్ చదువుతున్నారని మీరే రాశారు. శరీరం ఆయనది. ఆపరేషన్ మాట ఆయన వినకూడదని బయట వరండాలో మాట్లాడుకుంటున్నారు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పకపోతే, ఎవరి మొహం చూసినా ఏదో దాస్తున్నట్టే ఉంటుంది. ఆ టెన్షన్‌లో మనిషి ఊపిరి ఇంకా బిగబడుతుంది. ఆయన మంచం పక్కన మీరిద్దరూ కూర్చుని, సర్జన్‌ని అక్కడికే రమ్మని, మూడు దారులూ ఆయనకే చెప్పించండి. ఆయన ఒప్పుకోవచ్చు, రెండు రోజులు ఆగి మళ్ళీ స్కాన్ చూద్దాం అనవచ్చు, అసలు వద్దనవచ్చు. వద్దంటే ఏమవుతుందో తెలిసి వద్దంటే దాన్ని గౌరవించాలి. జ్వరం వస్తే, ఆక్సిజన్ పడిపోతే అప్పుడు మళ్ళీ అడుగుతామని ముందే ఆయనతో అనుకోండి.

ఇలా చేస్తే మీకూ అన్నయ్యకీ మధ్య ఉన్న తగువులో సగం దానంతటదే కరిగిపోవచ్చు. ఇప్పుడు ఎవరి మాట నెగ్గితే వాళ్ళ మీద ఫలితం భారం పడుతుంది. ఆ భారం భయంతోనే ఆయన మిమ్మల్ని అందరి ముందూ అలా అని ఉంటారు. దూరంగా ఉండి, అయిదో రోజు ఫోన్‌లో విని పరిగెత్తుకొచ్చిన కొడుకు ఆయన. ఆయనకి నేను పైన రాసిన ఎక్స్‌రే సంగతి, ఆలస్యంగా వచ్చే రక్తం సంగతి చదివి వినిపించండి. వెంటనే క్షమాపణ చెప్పకపోవచ్చు. అందరి ముందూ అన్న మాటకి మీకు కోపం రావడం న్యాయమే. నాన్నగారు ఇంటికి చేరాక ఆ మాట ఆయనతో విడిగా ఎత్తండి. ఈ వారం మాత్రం అన్నయ్యని రాత్రిపూట నాన్న దగ్గర కూర్చోబెట్టి మీరు నిద్రపోండి. తొమ్మిది రోజులుగా మీరు సరిగా పడుకోలేదని ఉత్తరంలో అక్షరాలే చెప్తున్నాయి.

ట్యూబ్ ఉన్నన్నాళ్ళూ సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి. ఆయన్ని నడిపించేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని మోకాలి కింద పట్టుకుని నడవండి. ఊపిరితో పాటు గొట్టంలో నీళ్ళు పైకీ కిందకీ ఆడుతుంటే మంచిదే. బుడగలు వస్తుంటే ట్యూబ్‌ని మీరు ఎప్పుడూ మూయకండి, మడవకండి. గాలి బయటికి పోయే దారి అది. మూస్తే లోపల ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తిని, గుండెని నొక్కేస్తుంది, నిమిషాల్లో ప్రాణం మీదకి రావచ్చు.

ఇంటికి వచ్చాక ఎముకలు అతకడానికి సుమారు ఆరు వారాలు. నొప్పి మూడు నెలలదాకా ఉండవచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. అది మామూలే. ఆయాసం పెరగడం, జ్వరం, తెమడలో రక్తం, పచ్చటి తెమడ, కళ్ళు తిరగడం, కొత్తగా గందరగోళంగా మాట్లాడటం మామూలు కాదు, వెంటనే తీసుకెళ్ళండి. ఇంకొకటి, 9వ ఎముక కింద ఎడమ పక్క ప్లీహం ఉంటుంది. సీటీలో అది బాగుందని రాశారు, సంతోషం. అయినా ఎడమ భుజం కొసలో నొప్పి, పొట్ట పైభాగంలో కొత్త నొప్పి వస్తే అది కండ నొప్పి అనుకోకండి. ట్యూబ్ తీశాక ఒకటి రెండు వారాలకి మళ్ళీ ఎక్స్‌రే, ఈసారి నిలబెట్టి. గాలి, రక్తం పూర్తిగా పోయాయని అందులో తేలాక కూడా విమానం ఎక్కడానికి ఇంకో రెండు వారాలు ఆగాలి. అన్నయ్య తనతో తీసుకెళ్తానంటున్నారు కాబట్టి ఇది ముందే చెప్తున్నాను.

ఏ వైపు పడుకోబెట్టాలని అడిగారు. మొదట్లో నడుము పైభాగం ఎత్తుగా, సగం కూర్చున్నట్టు పడుకుంటే ఊపిరికి సులువు. లేవాల్సి వస్తే ఒక్కసారిగా లేపకండి. మంచి వైపు నెమ్మదిగా తిరిగి, కాళ్ళు మంచం దించి, ఆ వైపు మోచేతి మీద బరువు మోపి లేవమనండి. ట్యూబ్ తీసేసి నొప్పి తగ్గాక ఆయనకి ఏ వైపు హాయిగా ఉంటే ఆ వైపు పడుకోవచ్చు. సర్జన్ ఏమన్నారో, నాన్నగారు ఏమన్నారో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.